మష్క్ కాగితం పారేయొద్దు: ఒక ప్రొద్దుటూరు కాతిబ్ అనుభవ పాఠాలు

బంగారు అంగళ్లు, బట్టల అంగళ్లు కిక్కిరిసిన ప్రొద్దుటూరులో పారసీ అందాల రాత నేర్పే మనిషి ఒకడున్నాడంటే కొత్తగా విన్నవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు నాకు అలవాటే. పెళ్లి పత్రికలు రాసి, మసీదు గోడల మీద రాసి, సమాధి రాళ్లకు అక్షరాలు గీసిచ్చి బతికినవాణ్ణి. ఉర్దూలో మమ్మల్ని కాతిబ్‌లంటారు. ఇప్పుడు కళ్లు మునుపటిలా లేవు గానీ చెయ్యి ఆడుతోంది. సాయంత్రాలు ప్రొద్దుటూరులో, సెలవు రోజుల్లో జమ్మలమడుగులో, పులివెందులలో పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి రాయిస్తుంటాను.

ఎక్కడికి పోయినా మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. మన ఊళ్లో దీంతో ఏం పని? ఉర్దూ రానివాళ్లకు ఎందుకు? అర్థం కాని గీతలు గీసి అదీ రాతేనంటే ఎట్లా నమ్మేది? ఈ విద్య నేర్పాలనుకునేవాళ్లకూ నేర్చుకుంటున్నవాళ్లకూ పనికొస్తాయని, పని చేస్తూ నాకు తెలిసొచ్చిన సంగతులు వరసగా చెబుతాను.

1. ముందు గండికోట చూపించండి

కొత్త పిల్లలకు కలం ఇచ్చే ముందు గండికోటకు తీసుకుపోతాను. జమ్మలమడుగు నుంచి దాదాపు 15 కిలోమీటర్లు. అందరూ పెన్నా లోయ అంచున ఫోటోలు దిగుతుంటే మేం జామియా మసీదు ముంగిట కూర్చుని ఒక కథ చెప్పుకుంటాం. కథ అంటే కట్టుకథ కాదు, జరిగిందే.

1650లో పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోటను పట్టుకున్న మీర్ జుమ్లా గోల్కొండ సుల్తాను కొలువులో మంత్రి. పుట్టింది ఇరాన్‌లో, ఇస్ఫహాన్ సీమలోని అర్దిస్తాన్. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఆయన్ని కలవడానికి గండికోటకు వచ్చి, చూసింది చూసినట్టు రాసిపెట్టినాడు. డేరాలో మీర్ జుమ్లా చెప్పుల్లేకుండా కూర్చున్నాడు. వచ్చిన ఉత్తరాలు కాలివేళ్ల సందుల్లో కొన్ని, ఎడమచేతి వేళ్ల సందుల్లో కొన్ని. కాలి నుంచి ఒకటి, చేతి నుంచి ఒకటి లాగుతూ ఇద్దరు లేఖకులకు జవాబులు చెప్పి రాయిస్తున్నాడు, నడుమ కొన్ని తానే రాస్తున్నాడు. అయినాక వాటిని చదివించుకుని విని, ముద్ర మాత్రం తన చేత్తోనే వేసినాడు.

కాలివేళ్ల ముచ్చటకు పిల్లలు విరగబడి నవ్వుతారు. ఆ నవ్వుల్లోనే నేను చెప్పాల్సింది వాళ్లకు ఎక్కుతుంది. మన పెన్నా గట్టున మూడున్నర వందల ఏళ్ల కిందటే దివాణం లేఖకులు మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసినారు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీకి ఇచ్చేశాక కూడా పారసీ అవసరం ఒక్కసారిగా పోలేదు. కడపలో బంగళా కొని, పండితుల్నీ లేఖకుల్నీ పెట్టి తెలుగు కావ్యాలకు నకళ్లు రాయించిన సి.పి. బ్రౌన్ 1838లో మద్రాసు ప్రభుత్వానికి పారసీ అనువాదకుడు. పరాయి ఊరి విద్య అనుకున్న పిల్లవాడు కలాన్ని బెదురుతో పట్టుకుంటాడు. ఈ నేల మీద రాసిన రాతే అని తెలిసినవాడు చనువుగా పట్టుకుంటాడు.

2. రాయడం కంటే ముందు కలం కోయడం

అంగట్లో దొరికే చదును మొన పెన్నులతో మొదలుపెట్టినవాళ్లు చాలామంది నా దగ్గరికి వస్తారు. వాళ్ల చేతికి కత్తి, వెదురు పుల్ల ఇస్తాను. ఇరాన్‌లో దెజ్‌ఫూల్ రెల్లు కలాలకు పేరు. మన పెన్నా ఒడ్డు రెల్లు సన్నం, మెత్తన. నాలుగు పంక్తులు రాసేసరికి కొన నలిగిపోతుంది. చిటికెనవేలు లావు ఎండు వెదురే మనకు మేలు.

కలం కోతలో పెద్దలు నాలుగు పనులు చెప్పినారు. మొదట కొనను ఏటవాలుగా తెరవడం. తర్వాత రెండు పక్కలా చెక్కి మొన తేల్చడం. ఆపైన సిరా దిగడానికి నడుమ సన్నటి చీలిక. చివరన మొన కత్తిరింపు. అసలు గుట్టు ఈ నాలుగో పనిలో ఉంది. ఎముక ముక్క మీదో గట్టి కొమ్ము ముక్క మీదో మొనను ఆనించి, కత్తిని ఒరగా పెట్టి ఒక్క నొక్కు నొక్కాలి. టక్కుమని తెగాలి. రెండోసారి నొక్కితే అంచు పీచు లేస్తుంది, పీచు లేచిన కలం గీత అంచున మీసాలు మొలిపిస్తుంది. కోత ఏ వాలులో పడితే గీతలో లావు, సన్నం ఆ వాలులో పడతాయి. మూడో వంతు పిల్లలు ఇక్కడే విసుగుపుట్టి మానేస్తారు. ఉన్నవాళ్లు మాత్రం తర్వాత ఏ అక్షరం చెడినా, తప్పు చేతిదా కలానిదా అని తమంతట తామే చెప్పగలుగుతారు.

3. చుక్కే కొలబద్ద

కలం మొనను కాగితం మీద ఆనించి ఒరగా కొద్దిగా లాగితే చిన్న చతురస్రం పడుతుంది. దాన్నే నుఖ్తా అంటాం. ఈ విద్యలో అంగుళాలు, సెంటీమీటర్లు లేవు. కొలతంతా ఈ చుక్కే. పదో శతాబ్దంలో బాగ్దాదులో వజీరుగా చేసిన ఇబ్న్ ముఖ్లా అక్షరాలకు చుక్కల లెక్క కట్టినాడని పేరు. నస్ఖ్ రాతలో అలిఫ్ అనే అక్షరం అయిదు చుక్కల ఎత్తు, సుల్స్ రాతలో ఏడు. ఇరాన్‌లో పద్నాలుగో శతాబ్దం చివర రూపు కట్టిన నస్తాలీఖ్‌లో అలిఫ్ మూడే చుక్కలు. ఆ రాతకు మూలపురుషుడిగా మీర్ అలీ తబ్రీజీని చెప్పుకుంటారు. మన ఉర్దూ పత్రికలు, పెళ్లి పత్రికలు నడిచేది ఈ నస్తాలీఖ్ మీదే.

కలం లావైతే చుక్క పెద్దదవుతుంది, దాంతోపాటు అక్షరమూ పెరుగుతుంది. లెక్క మాత్రం చెడదు. పెళ్లి పత్రిక మీది గోరంత అలిఫ్‌కూ, మసీదు గోడ మీది మూరెడు అలిఫ్‌కూ అవే మూడు చుక్కలు. ఈ ఒక్క సంగతి తలకెక్కితే పిల్లలకు సగం భయం పోతుంది.

అందుకే మొదట్లో చుక్కలే పెట్టిస్తాను. జమ్మలమడుగులో ఒక పాప అడగనే అడిగింది: "చుక్కలే పెట్టిస్తాండావు, ముగ్గులు నేర్పిస్తాండావా సార్?" అందరం నవ్వినాం గానీ ఆ పాప మాటలో తప్పేం లేదు. చుక్కల ముగ్గు వేసే ఆడపిల్లలకు దూరం కంటికే తెలుస్తుంది. నా తరగతిలో నుఖ్తా లెక్క ముందుగా పట్టుకునేది వాళ్లే.

4. మూడు సాధనలు, ఈ వరసలోనే

పదహారో శతాబ్దపు ఇరాన్ లేఖకుడు బాబా షా ఇస్ఫహానీ ఆదాబుల్ మష్క్ అని చిన్న పొత్తం రాసినాడు. మష్క్ అంటే సాధన. అందులో ఆయన సాధనను మూడుగా విడగొట్టినాడు. గురువు రాతను కంటితో చూసి చదువుకోవడం నజరీ. చూసినదాన్ని కలంతో దించడం కలమీ. ఎదురుగా నమూనా లేకుండా మనసులోంచి రాయడం ఖయాలీ.

పిల్లలంతా రెండోదానితో మొదలుపెడతారు, తల్లిదండ్రులు మూడోదాని కోసం తొందరపడతారు. మొదటిదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. నేను నమూనా కాగితం ముందు పెట్టి కలం ముట్టనివ్వను. చూడండి, బాగా చూడండి అంటాను. తర్వాత కాగితం మూసేసి అడుగుతాను: నూన్ గిన్నె అడుగు ఎక్కడ లావుగా ఉంది? బే తోక ఎన్ని చుక్కలు లేచింది? సాగదీసిన సీన్ నడుమ ఎంత కుంగింది? చెప్పలేకపోతే మళ్లీ చూడటమే.

నమూనా విషయంలో జాగ్రత్త పడాలి. కంప్యూటర్ ప్రింటు చూసి నేర్చుకుంటే చెయ్యి కొయ్యబారిపోతుంది. చేత్తో రాసిన పాత కాగితాలనే చూపించాలి. వీలైనవాళ్లు హైదరాబాదు పోయినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో పారసీ, అరబీ రాతప్రతులు చూసి రావాలి. అక్కడి నుంచే గోల్కొండ పోయి కుతుబ్‌షాహీ సమాధుల నల్లరాళ్ల మీది అక్షరాల దగ్గర ఒక పూట గడపాలి. పోలేనివాళ్లకు ఫోనే దిక్కు. మ్యూజియంవాళ్లు పెట్టిన ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూస్తే కలం ఎక్కడ తిరిగిందో, సిరా ఎక్కడ పలచబడిందో తెలిసిపోతుంది. మా ఉస్తాద్ భూతద్దంతో చూపించినదాన్ని నేను ఫోన్లో చూపిస్తున్నాను.

5. సిరా, కాగితం మన అంగట్లోనే ఉన్నాయి

ఇరాన్ నుంచి సిరా తెప్పించాలేమో అని అడుగుతుంటారు. పాత పారసీ లేఖకుల లెక్క ఇది: దీపం మసి ఎంతో అన్నభేది అంత, ఈ రెండూ కలిపి ఎంతో మాచికాయ అంత, ఈ మూడూ కలిపి ఎంతో తుమ్మ జిగురు అంత. అంటే ఒకటి, ఒకటి, రెండు, నాలుగు పాళ్లు. ఆపైన నూరే చేతి బలం. ఇవన్నీ ప్రొద్దుటూరు మూలికల అంగట్లో దొరుకుతాయి. తుమ్మ చెట్లకైతే మన సీమలో కొదవే లేదు.

పిల్లలకు అన్నభేది, మాచికాయ ఇవ్వను. ఆ రెండూ కలిసిన సిరా ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. సాధనకు మసి, జిగురు చాలు. జిగురు ఎక్కువైతే ఎండినాక గీత పగులుతుంది, తక్కువైతే వేలికి అంటుకుంటుంది. మన ఎండలకు ఇంకో చిక్కుంది. మే నెలలో కలం దవతి నుంచి కాగితానికి వచ్చేలోపే మొన మీద సిరా ఎండిపోతుంది. అందుకే వేసవిలో తెల్లవారుజామునే కూర్చుంటాం, దవతిలో రెండు చుక్కల నీళ్లు ఎక్కువ వేసుకుంటాం.

దవతి అడుగున పట్టు పోగుల ఉండ తప్పక వేయాలి. కలం నేరుగా అడుగుకు తగిలి మొన విరగదు, మొనకు కావలసినంత సిరాయే అంటుతుంది. మగ్గాల ఇళ్లలో తెగిన పట్టు పోగులు అడిగితే ఊరికే ఇస్తారు. కాగితానికి గంజి, కాస్త పటిక కలిపి పూసి, నీడన ఆరబెట్టి, గవ్వతో రుద్దితే నున్నగా తేలుతుంది. అలాంటి కాగితం మీద సిరా లోపలికి ఇంకదు. తప్పు పడితే తడి గుడ్డతో తుడిచి మళ్లీ రాయొచ్చు.

6. భాష రాదని ఎవరినీ తిప్పి పంపొద్దు

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఉర్దూ బడి పిల్లలున్నారు, ఇంట్లో ఉర్దూ మాట్లాడినా చదవడం రానివాళ్లున్నారు, ఉర్దూ ముక్క రాని తెలుగు పిల్లలున్నారు. చెయ్యి ముందు తిరిగేది మూడోవాళ్లకే. వాళ్లు అక్షరాన్ని చదవరు, చూస్తారు. చదవడం వచ్చినవాడి కన్ను మాట అర్థమవగానే ముందుకు పరిగెడుతుంది, గీత దగ్గర నిలబడదు.

అయితే భాష రానివాళ్లతో ఒక ప్రమాదం ఉంది. బే, పే, తే, సే అక్షరాలకు ఒళ్లు ఒకటే. కింద చుక్కా, పైన చుక్కా, ఒకటా, మూడా అన్నదే తేడా. ఎక్కడో చుక్క జారితే మాటే మారిపోతుంది. దేవుడి పేరు, పెద్దల పేర్లు రాసేటప్పుడు అది చిన్న తప్పు కాదు. అందుకని నా తరగతిలో ఒక కట్టుబాటు పెట్టినాను. ఏ వాక్యం రాసినా ముందు పైకి చదివి వినిపిస్తాను, తెలుగులో అర్థం చెబుతాను, చుక్కలు లెక్కబెట్టి పక్కన అంకె వేయిస్తాను. రాసినాక ఆ అంకెతో సరిచూసుకోవాలి. పిల్లలు మొదట ప్రార్థన వాక్యాలు రాయాల్సిన పనేం లేదు. తమ పేరు, ఊరి పేరు, నది పేరు రాస్తారు. పెన్నా అని నస్తాలీఖ్‌లో రాసి ఇంట్లో గోడకు అంటించుకున్న పిల్లలు పులివెందులలో ఉన్నారు.

7. పొట్ట నింపే పనిని చులకన చేయొద్దు

కొత్తగా నేర్చుకున్నవాళ్లకు పెళ్లి పత్రికలు, అంగడి బోర్డులు, సమాధి రాళ్లు తక్కువ పనులుగా కనిపిస్తాయి. నేను చెప్పేది వేరు. మనలాంటి ఊళ్లలో ఈ విద్య నిలిచింది ఆ పనుల మీదే.

సమాధి రాయి సంగతే తీసుకోండి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. నస్తాలీఖ్‌లో వెంట్రుకంత సన్నటి గీతలుంటాయి. ఉలి తగలగానే వాటి అంచులు రాలిపోతాయి. కాగితం మీద రాసినట్టు రాసిస్తే రాయి మీద సగం అక్షరాలే మిగులుతాయి. సన్న గీతలకు కాస్త ఒళ్లు పెంచి, అక్షరాలను కొద్దిగా ఎడం చేసి రాయాలి. రాసిన కాగితాన్ని అంచుల వెంట సూదితో పొడిచి, రాయి మీద పరిచి, బొగ్గు పొడి గుడ్డ మూటతో అద్దితే చుక్కల గీతగా అచ్చు దిగుతుంది. రాయి చెక్కేవాళ్లకు చాలామందికి ఉర్దూ రాదు. అక్షరం చుక్కలను సిరా మరకలనుకుని వదిలేస్తారు. అందుకే ప్రతి చుక్క చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఇస్తాను. ఇన్ని కట్టుబాట్ల మధ్య అక్షరం అందం పోకుండా చూసుకోవడం ఏ పోటీ పరీక్షకూ తీసిపోదు. గోల్కొండ సమాధుల మీద పనివాళ్లు ఇంకా కష్టమైన దారి పట్టినారు. అక్షరాన్ని తవ్వలేదు, చుట్టూ రాయిని తవ్వి అక్షరాన్ని పైకి తేల్చినారు.

పత్రికల పనీ ఇలాంటిదే. మద్రాసులో 1927లో మొదలైన ది ముసల్మాన్ ఉర్దూ దినపత్రికను కంప్యూటర్లు వచ్చాక కూడా కాతిబ్‌లు చేత్తోనే రాసేవాళ్లు. నాలుగు పేజీలు. చివరి నిమిషంలో వచ్చే వార్త కోసం మొదటి పేజీలో ఒక మూల ఖాళీ ఉంచేవాళ్లు. గడియారం చూసుకుంటూ కొలత తప్పకుండా రాయడం అక్కడ ఎవరూ విడిగా నేర్పక్కర్లేదు, పనే నేర్పుతుంది.

8. కంప్యూటర్ ఏం చేయలేదో తెలుసుకోండి

నస్తాలీఖ్ అక్షరాలు సమంగా ఒక గీత మీద కూర్చోవు; మాట కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా దిగుతుంది, పక్క అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరం రూపు మారుతుంది. అందుకే సీసపు అచ్చుకు ఇది లొంగలేదు. ఉర్దూ పత్రికలు చాలా కాలం రాతి అచ్చు మీదే నడిచినాయి. జిడ్డు సిరాతో కాతిబ్ రాసిన కాగితాన్ని రాయి మీదికి దించి ముద్రించేవాళ్లు. 1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ దాదాపు 20 వేల అక్షరాల కూర్పులను రాసి నూరీ నస్తాలీఖ్‌ను యంత్రానికెక్కించినాడు. 1994లో మన దేశంలోనే తయారైన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ దాన్ని ప్రతి ప్రింటింగ్ అంగడికీ చేర్చింది. కాతిబ్‌ల కూలి అక్కడితో పడిపోయింది.

ఏడ్చి లాభం లేదు. చిన్న అక్షరాల పొడుగాటి మ్యాటర్ యంత్రం మనకంటే బాగా చేస్తుంది, చేయనివ్వండి. చోటును బట్టి మాటను అమర్చడం మాత్రం దానికి రాదు. పొట్టి బోర్డులో పొడవాటి పేరు పట్టాలంటే ఏ అక్షరాన్ని సాగదీయాలి, ఏ మాటను ఏ మాట మీద కూర్చోబెట్టాలి, ఎక్కడ ఖాళీ వదలాలి అన్నది మనిషి కన్నే తేల్చాలి. సాగదీత తొమ్మిది నుంచి పదకొండు చుక్కలదాకా పోతుంది. ఒక పంక్తిలో రెండు చోట్ల సాగదీస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయి. నా దగ్గర నేర్చుకుని ప్రింటింగ్ పనిలో చేరిన పిల్లలు తలమాట చేత్తో రాసి, స్కాన్ చేసి, మిగతాది యంత్రానికి వదిలేస్తారు. రెంటికీ చోటుంది.

9. అమూర్త రాత పుట్టింది సాధన కాగితంలోనే

ఇప్పటి కుర్రవాళ్లకు కాన్వాసు మీద రంగులతో అర్థం లేని అక్షరాలు ఎగరేయాలని సరదా. సరదా మంచిదే. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఇంకా మంచిది.

కాగితం ఖరీదైన కాలంలో లేఖకులు ఒకే కాగితం మీద నిలువుగా, అడ్డంగా, తలకిందులుగా, ఒకదాని మీద ఒకటి అక్షరాలు రాస్తూ చెయ్యి తిప్పుకునేవాళ్లు. కాగితం నల్లబడిపోయేది. దాన్ని సియా మష్క్ అంటారు. అందులో చదవడానికి వాక్యం ఉండదు. 1615లో హత్యకు గురైన నస్తాలీఖ్ మహాగురువు మీర్ ఇమాద్ కాగితాలను తర్వాతివాళ్లు భద్రంగా దాచుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో మీర్జా గులాం రజా ఇస్ఫహానీ వంటివాళ్లు ఇలాంటి కాగితాలను కావాలనే కూర్చి, కింద సంతకం పెట్టి కళగా నిలబెట్టినారు. 1960లలో టెహరానులో సఖాఖానా పేరుతో పిలిచిన చిత్రకారులు, హుస్సేన్ జెందెరూదీ లాంటివాళ్లు, అక్షరాన్ని పూర్తిగా చిత్రంలోకి తెచ్చినారు. పర్వీజ్ తనావులీ 1965 నుంచి మూడక్షరాల మాట ఒకదాన్ని తీసుకుని శిల్పాలుగా పోత పోస్తూ వచ్చినాడు. నస్తాలీఖ్‌లో ఆరితేరిన మొహమ్మద్ ఎహసాయీ పెద్ద కాన్వాసుల మీద అక్షరాలను అల్లినాడు. ఈ దేశంలో అమ్రోహాలో పుట్టి పాకిస్తాన్‌లో పేరు తెచ్చుకున్న సాదిఖైన్ 1980ల మొదట్లో ఇండియాకు వచ్చినప్పుడు హైదరాబాదు ఎన్‌జీఆర్‌ఐలో గోడచిత్రం వేసి పోయినాడు.

వీళ్ల బాటలో పోవాలనుకునే పిల్లలకు నేనిచ్చే పని ఒకటే. ఒక్క అక్షరం, నూన్ అనుకోండి, మూడు లావుల కలాలతో కాగితమంతా నింపాలి. తర్వాత మూడు పరీక్షలు. ప్రతి గీతా ఒక్క లాగుడులో వచ్చిందా, తర్వాత పూసి నింపినారా? ఏదైనా ఒక అక్షరాన్ని అరచేత్తో మూస్తే కాగితం ఒక పక్కకు ఒరిగినట్టు ఉందా? తెల్లగా మిగిలిన చోట్లలో కంటికి ఊపిరాడుతోందా? మూడూ దాటితేనే రంగుల జోలికి పోనిస్తాను.

పులివెందులలో ఒక తండ్రి కొడుకు వేసినదాన్ని చూసి, "చదవను రానిదాన్ని గోడకు ఎందుకు పెట్టుకోవల్ల సార్?" అన్నాడు. నేనేం మాట్లాడకుండా ఆ కాగితాన్ని తలకిందులుగా తగిలించినాను. కాసేపు చూసి, "ఇట్ల బాగలేదు, ముందర ఉన్నట్లే పెట్టు సార్" అన్నాడు. "ఎట్ల పెట్టాల్నో నీకు తెలిసిపోయ కదా నాయనా, ఇంక చదివేదేముంది?" అన్నాను. ఆ కాగితం ఇప్పటికీ వాళ్ల నడవలో ఉంది.

10. తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే చూడండి

నస్తాలీఖ్ కాస్త వచ్చేసరికి తెలుగును కూడా అదే ఒరవడిలో వాల్చి రాయాలనిపిస్తుంది. అట్లా రాసినవి పది చూస్తే తొమ్మిది వెలితిగా ఉంటాయి. కారణం ఉంది. మన అక్షరం తాటాకు మీద గంటంతో పెరిగింది. గంటం గీతకు లావు సన్నం తేడా లేదు, అందమంతా గుండ్రంలోనూ తలకట్టులోనూ ఉంది. పారసీ అక్షరం ఏటవాలు మొన నుంచి పుట్టింది, దాని అందం లావు సన్నాల ఆటలో ఉంది. ఒకదాని చొక్కా ఇంకొకదానికి తొడగకూడదు.

తీసుకోవాల్సింది కొలత. తెలుగు అక్షరం గుండ్రానికి ఎన్ని చుక్కలు, తలకట్టు ఎంత ఎత్తున లేవాలి, వత్తు ఎంత కిందికి దిగాలి అని మీ కలం చుక్కతో మీరే లెక్క కట్టుకోండి. బాపు గారి చేతిరాత చూడండి. నిర్లక్ష్యంగా విదిలించినట్టే ఉంటుంది, కానీ ఎక్కడ చూసినా ఆ వాలు, ఆ ఎడం తప్పవు. అందుకే అది అచ్చక్షరమై పెళ్లి పత్రికలకు కూడా ఎక్కింది.

11. ఒక కాగితానికి ఒకే దిద్దు

పిల్లవాడి కాగితంలో ఇరవై తప్పులు కనిపిస్తాయి. ఇరవై చోట్లా ఎర్ర సిరా పెడితే ఆ పిల్లవాడు మరుసటి వారం రాడు. మిగతా తప్పులకు తల్లిలాంటి తప్పు ఒకటి ఉంటుంది, సాధారణంగా అది కలం పట్టే వాలులోనే ఉంటుంది. దాన్ని మాత్రం పట్టుకుని, పక్కన సరైన అక్షరం రాసి చూపిస్తాను. అది సర్దుకుంటే పది తప్పులు వాటంతటవే పోతాయి.

సర్టిఫికెట్ ఇస్తావా అని అడుగుతారు. ఇరాన్‌లో 1950లో ఏర్పడిన ఖుష్‌నవీసుల, అంటే అందాల రాతగాళ్ల, సంఘం మెట్టు మెట్టుగా పరీక్షలు పెట్టి చివరకు ఉస్తాద్ పట్టం దాకా తీసుకుపోతుంది. ఆ దేశం తన రాతను కాపాడుకుంటున్న తీరును 2021లో యునెస్కో మంచి పద్ధతుల జాబితాలో చేర్చింది. మన దేశంలో జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి కాలిగ్రఫీ, గ్రాఫిక్ డిజైన్ కోర్సులకు ఊతమిస్తోంది. ఉద్యోగం కోసం కాగితం కావాలంటే అటు పొమ్మంటాను. నేనిచ్చేది దిద్దు మాత్రమే.

12. కాగితాలు పారేయొద్దు

చెప్పాల్సిన మాటల్లో ముఖ్యమైనది ఇదే. పిల్లలు బాగా వచ్చిన ఒక్క కాగితం దాచి, మిగతావి నలిపి పారేస్తారు. సంప్రదాయ రాత, అమూర్త రాత అని రెండు విద్యలున్నాయనే భ్రమ అక్కడే మొదలవుతుంది. రెండూ పుట్టేది ఆ నలిపిన కాగితంలోనే. శుద్ధంగా రాసినదాన్ని చూస్తే ఏం వచ్చిందో తెలుస్తుంది. సాధన కాగితం చూస్తేనే చెయ్యి ఎటు పోవాలనుకుంటోందో తెలుస్తుంది. ఒకరి గీత పైకి లేస్తుంటుంది, ఒకరిది నేలను పట్టుకుంటుంది, ఒకరికి గుండ్రం వశమవుతుంది, ఒకరికి సాగదీత. ఆ మొగ్గును బట్టే ఎవరిని రాతి పనికి పంపాలో, ఎవరిని కాన్వాసుకు పంపాలో తేల్చుకుంటాను.

ప్రతి కాగితం మూల తేదీ వేయించండి. వరసగా కట్ట కట్టి ఉంచండి. మూడు నెలలకోసారి నేల మీద పరిచి, పిల్లలనే చూడమనండి. వాళ్లలో మార్పు మీరు చెప్పక్కర్లేదు, వాళ్లే వేలు పెట్టి చూపిస్తారు. మీ ఊళ్లో ఈ పని మొదలుపెట్టాలనుకుంటే గది దొరికేదాకా, ఎవరో డబ్బు ఇచ్చేదాకా ఆగొద్దు. ముగ్గురు పిల్లలు, ఒక పదునైన కత్తి, గుప్పెడు వెదురు పుల్లలు, దీపం మసి, తుమ్మ జిగురు ఉంటే చాలు. మొదటి వారం కలం కోతతో సరిపోతుంది. రెండో వారం నుంచి చుక్కలు పెట్టించండి.